తదితరులు పాల్గొన్నారు

ఐదుంబావుకే కొండారెడ్డి బురుజు కాడ
స్కూటరు స్టాండేసినాను.
మైకు అప్పటికే గొంతు సవరించుకుంటా ఉంది.
పసుపు బనియన్లు. వీపున ఒక సిమెంటు కంపెనీ,
రొమ్మున ఒక కంటి ఆసుపత్రి,
మధ్యలో మనుషులు.

జెండా ఊపాల్సినాయన ఇంకా లేవలేదంట.
మూడువందల మంది కాళ్లు ఆడిస్తా నిలబడినారు.
ఆరున్నరకు కారు దిగినాడు. ఊపినాడు.
ఫొటో సరిగా పడలేదన్నారు.
మళ్లీ ఊపినాడు.
మొదటి ఊపుకే ఉరికినోళ్లు
అప్పటికి రాజ్‌విహార్ దాటినారు.

నాకిచ్చేది పన్నెండు లైన్లు, ఒక ఫొటో.
పదిహేడేండ్లుగా పరుగుకు నాకు తెలిసిన వ్యాకరణం ఇంతే:
శీర్షికలో 'ఉత్సాహంగా',
రెండో లైన్లో జెండా,
ఆరోగ్యమే మహాభాగ్యమని ఆయన అన్నట్టు నాలుగు లైన్లు.
అన్నాడో లేదో నేను వినలేదు.
అనకుండా ఎట్లుంటాడు?
ఆపైన పేర్లు, హోదాలు.
ఒక హోదా తప్పుపోతే వారం రోజులు ఫోన్లు.
ఆఖర్న, తాళం వేసినట్టు,
తదితరులు పాల్గొన్నారు.

ఆ మాటలో ఎంతమంది పడతారో
ఎవురూ కొలిచి చూడలేదు.
బళ్లారి చౌరస్తా కాడ డొక్క పట్టుకుని కూలబడిన
బీఈడీ పిల్ల అందులోనే.
మోకాలికి గుడ్డ చుట్టుకొచ్చిన రిటైర్డు కండక్టరు,
బుర్ఖా మీదనే నంబరు పిన్ను పెట్టుకుని
నడకా కాని, పరుగూ కాని ఒక పట్టుదలతో పోయిన
షాహీన్ టీచరు,
అడ్డమొచ్చిన ఆటోను ఆమె తిట్టిన తిట్టు,
అన్నీ అందులోనే.

గెలిచినోని పేరు పదకొండో లైన్లో.
ఈరన్న. ముప్పై ఏడు నిమిషాలు.
బూట్లున్నాయి. లేసులు మాత్రం
ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది.
ఏం చేస్తావప్పా అంటే
"మీ పేపరే ఏస్తా సార్" అన్నాడు.
సి.క్యాంపులో రెండువందల పన్నెండు ఇండ్లు.
సైకిలు అమ్ముకున్నప్పటి నుంచి ఉరుకుతానే.
వాళ్లమ్మ ఉరుకుందకు మొక్కుకుని పెట్టిన పేరంట.
"దేవుడే చెప్పినాడు సార్, ఊరి పేర్లోనే, ఉరుకు అని."
నవ్వితే వానికి ఇంకా ఆయాసం లేదు.

డెస్కులో కొత్తాయన కృష్ణా జిల్లా నుంచి వచ్చినాడు.
మంచోడు, చదువుకున్నోడు.
ఈరన్న అనే పేరు ఉండదనుకున్నాడు.
నేను తొందర్లో తప్పు కొట్టినాననుకుని
సరిదిద్దినాడు:
వీరన్న.
జాగా చాలక ముప్పై ఏడు నిమిషాలు తీసేసినాడు.

మరుసటి రోజు పేపరు లేటుగా పడింది.
మాదీ సి.క్యాంపే.
ఏడో పేజీలో పెద్ద ఫొటో:
జెండా, జెండా పట్టిన చేయి, చేతికి గడియారం.
ఎడమ కొసన, కోతలో మిగిలిపోయి
ఉరికేటోళ్లలో ఎవురిదో ఒక మోచెయ్యి.
కింద, పదకొండో లైన్లో,
వీ మీద నీలం బాల్‌పెన్నుతో ఒక గీత.
ఆ పైన చిన్నగా, గుండ్రంగా,
ఈ.

పక్కింట్లో అడిగి తీసుకుని చూసినాను.
ఈ.
మందుల షాపాయన ఇంకా మడత కూడా విప్పలేదు.
నేనే విప్పినాను.
ఈ. ఇక్కడ పెన్ను సరిగా రాయక
రెండుసార్లు దిద్దినాడు.

ఎనిమిదికి డెస్కు నుంచి ఫోను.
రిటైర్డు తహసీల్దారు ఒకాయన ఫిర్యాదంట,
పేపరు నలభై నిమిషాలు లేటు,
పైగా దాని మీద ఎవుడో గీతలు గీసినాడని.
సంగతేందో కనుక్కోమన్నారు.

కనుక్కుంటా గానీ సార్,
రేపు సవరణ ఒకటి వేయాల అన్నాను.
ఒక అక్షరమే.
జాగా లేదన్నారు.

సరే సార్.
రెండువందల పన్నెండు కాపీల్లో
ఈ పొద్దే పడింది.