ఎడమ చెవిలో వన్నూరప్ప

తాడిపత్రి దగ్గర పెన్నలో నీళ్లు లేవు, ఇసుక ఉంది.
పొద్దున ఐదున్నరకు అదే మా మైదానం.
ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్,
కుడి చెవి సుర్మాకు వదిలేశాను.

సుర్మా పెళ్లి ఊరేగింపుల గుర్రం.
బ్యాండు లేకుండా నడవడం దానికీ కొత్తే.

"మడమ కిందికి. ఇంకా.
కిందికి చూడొద్దు పాపా, నేల యాడికీ పోదు."
వన్నూరప్ప గుంతకల్లులో ఇంకా నిద్రలోనే ఉంటాడు.
ఆయన గొంతు మాత్రం నాకంటే ముందే లేస్తుంది.

పదకొండు నిమిషాల రికార్డింగ్.
మూడో నిమిషంలో దగ్గు.
ఆరో నిమిషంలో ఎవరో టీ గ్లాసు పెట్టిన చప్పుడు,
సరిగ్గా అక్కడే కళ్లెం బిగబడతాను, ఎందుకో.
"ఉడుకు జొన్నరొట్టెను పట్టినట్టు పట్టు.
జారిపోకూడదు, నలగకూడదు."

"ఇప్పుడు ఎడమకు తిప్పు."
ఎడమన గుంత.
రాత్రి ఇసుక ట్రాక్టర్లు తవ్వుకుపోయినాయి.
నేను తిప్పబోయేలోపే
సుర్మా తనంతట తాను కుడికి ఒరిగింది.
"భలే! అట్లే పో," అన్నాడు చెవిలో.

నవ్వాగలేదు.
నవ్వుకు నడుము వదులైంది,
రెండు నెలలుగా ఆయన వదలమంటున్న నడుము.
కింద గుర్రం నడక మెత్తబడింది,
నానిన బియ్యం మాదిరి.

రికార్డింగ్ అయిపోయింది.
గిట్టల కింద ఇసుక, జీను కిర్రు,
అవతల రాళ్ల ఫ్యాక్టరీలో మొదటి రంపం.
సుర్మా ఒక చెవి వెనక్కి తిప్పి
ఏదో చెప్తానని చూసింది.

సాయంత్రం వన్నూరప్పకు వాయిస్ పెట్టాను:
ఎడమన గుంత పడిందన్నా, మళ్లీ చెప్పి పంపు.
జవాబు నాలుగు సెకన్లు.
మూడు సెకన్లు దగ్గే.
"కుడికి పోయినావు గదా. సర్లే."