మూల మడత

మా బండిలో ఆ పుస్తకం ఆరు కాపీలు.
ఒక్కటీ అరలో నిలవదు.
న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరం పొడుగునా
పదకొండు రేవులకి లైబ్రరీ బండి తోలతాను.
బ్రేకు వేసేలోపే కిటికీ మీద వేళ్ళు:
"ఆ ఉప్పుపిల్ల పుస్తకం వచ్చిందా, మిస్ పార్డీ?"

సరే చూద్దామని,
మార్చిలో మంచు దారి మూసేసిన రోజు
హీటరు పక్కన కాళ్ళు చాపుకుని నేనూ చదివాను.

సముద్రంలో మునిగిపోయిన ఊరు.
ఉప్పురాయి నాలుక మీద పెట్టుకుంటే
చచ్చినవాళ్ళ మాటలు వినపడే పిల్ల.
ఆమె వెంట ఇద్దరు కుర్రాళ్ళు.
ఒకడి కళ్ళు బూడిదరంగు,
రెండోవాడివీ బూడిదరంగే,
కాకపోతే తుఫాను ముందరి బూడిదట.
నాలుగు పేజీలకోసారి ఎవరో ఒకరు
తాము బిగబట్టినట్టు తమకే తెలియని ఊపిరి
మెల్లగా వదులుతుంటారు.
పెన్సిలుతో గీతలు పెట్టి లెక్కేశాను, ముప్పై ఒకటి.
మా అఖాతంలో సీళ్ళకి పాఠాలు చెప్పొచ్చు వీళ్ళు.

రాసినావిడ ఫోటో వెనక అట్ట మీద ఉంది,
ఆవిడ వెనక ఒక కాక్టస్ ఉంది.
పడవెక్కి ఉండదు.
ఈశాన్యపు గాలికి తెరచాప అలా ఎత్తరమ్మా,
కాడ్ చేపని తోక వైపునుంచి చీల్చరు,
మూడోరోజున ఒడ్డుకి చేరిన మనిషి
అంత అందంగా ఉండడు.
నాకు తెలుసు. నాకప్పుడు పదమూడు,
దుప్పటి కిందనుంచి మా నాన్న బూటు ఒక్కటే కనపడింది,
రెండోది లేదు.

ఇలా పంటికింద రాళ్ళు ఏరుకుంటూనే
రెండువందల పన్నెండుకి వచ్చాను.

ఆ పిల్ల వంటింట్లో ఉప్పుజాడీ ముందు నిలబడుతుంది.
తల్లి పోయి ఏడాది.
రుచి చూడ్డానికి భయం.
అమ్మ ఏం చెబుతుందోనని కాదు,
ఏమీ చెప్పదేమోనని.
చివరికి వేలు ముంచి నాకుతుంది.
తల్లి అంటుంది:
"తలుపు వేశావా? చలి కొడుతోంది."
అంతే. అధ్యాయం అయిపోయింది.

నేను లేచి హీటరు తగ్గించాను. మళ్ళీ పెంచాను.
ఆ రాత్రి ఇంట్లో ఎవరూ చూడకుండా
(ఎవరున్నారు గనక చూడ్డానికి)
చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకున్నాను.
ఉప్పగా ఉంది.
యాభై ఆరేళ్ళ మనిషిని ఇంత వెర్రిదాన్ని చేసినందుకు
ఆ కాక్టసావిడ మీద ఒళ్ళు మండిపోయింది.

కోపం చల్లారకముందే
చివరి అధ్యాయంలో తల్లి బతికొచ్చేస్తుంది!
కెరటాలు చీల్చుకుని, జుట్టయినా తడవకుండా.
పుస్తకం విసిరేశాను.
ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి.

ఏప్రిల్లో రాటిల్స్ కోవ్‌లో కెజియా హైన్స్ ఎక్కింది.
పద్నాలుగేళ్ళుంటాయి. ఏడుగురే పిల్లలున్న బడి.
మూడేళ్ళలో నాతో మాట్లాడింది
"థాంక్యూ" మట్టుకే.
పుస్తకం తిరిగిచ్చింది.
తేమకి ఉబ్బి రొట్టెలా ఉంది.
"మీకు నచ్చిందా, మిస్?"

జవాబులు మూడు సిద్ధంగా ఉన్నాయి నా దగ్గర.
ఒకటి చురక, ఒకటి అబద్ధం,
మూడోది మంచి పుస్తకాల జాబితా.
నోరు తెరిచేలోపే తనే అంది:
"అమ్మని బతికించకుండా ఉండాల్సింది కదా?
చివరి ఇరవై పేజీలూ నేను ఒప్పుకోను.
రబ్బరు బ్యాండ్ వేసేశాను."
నిజమే, వేసింది. ఎర్ర రబ్బరు బ్యాండ్.
ఇంకేం చెప్పను?
బ్యాండ్ తీయకుండానే ముద్ర కొట్టి
ఆ కాపీ మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాను.
వరసలో ముప్పైమంది ఉన్నారు, తెలుసు.

ఆ సాయంత్రం మిగతా ఐదూ సీటు మీద పరిచాను.
పేజీ మూల మడిచినవాళ్ళకి
పావలా జరిమానా వేసే మనిషిని నేను.
మూడింట్లో రెండువందల పన్నెండు మడిచి ఉంది.
ఒకదాంట్లో ఎనభై ఎనిమిది, అక్కడ ముద్దు ఉంది.
ఐదోదాంట్లోనూ రెండువందల పన్నెండే.
అది నేను మడిచింది.

అక్టోబరులో రెండో భాగమట.
మళ్ళీ ఆ ఊపిర్లు, ఆ బూడిద కళ్ళు.
ఆర్డరు ఫారం మీద ఎనిమిది కాపీలని రాశాను.
ఎందుకో రాయమని ఒక గడి ఉంటుంది.
చాలాసేపు చూసి
దాన్ని అలాగే వదిలేశాను.