బస్సు తిరిగేంత చోటు

హైవే మీద పోతూ కన్నార్పితే
మా ఊరు దాటిపోతారు.
ఇటు నారింజ తోట, అటు పెట్రోలు బంకు,
నడుమ అరవై ఎకరాలు, ముప్పై రెండిళ్ళు,
చివర, బస్సు తిరిగేంత చోటు.

ఆ చోటు నా చేతులకి తెలుసు.
పందొమ్మిదేళ్ళుగా పొద్దున ఆరుంబావుకి
అక్కడే స్టీరింగు తిప్పుతున్నాను.
పదకొండు మంది పిల్లలు.
లీటా మనవలిద్దరూ ఒంటి చెప్పుతో ఎక్కుతారు,
రెండో చెప్పు కుక్క దగ్గరుంటుంది.
ఆఖరున కోలిన్, చేతిలో బ్యాగు, నోట్లో ప్రశ్న.

"డార్లా ఆంటీ, బళ్ళో మ్యాపులో మనం లేం."
వెళ్ళి చూశాను. నిజమే.
మనముండాల్సిన చోట
కౌంటీ పేరులోని ఒక అక్షరం
కాళ్ళు చాపుకుని కూర్చుంది.
"దాని కిందున్నాం లేరా" అన్నాను.
వాడు నమ్మలేదు. నేనూ అంత గట్టిగా అనలేదు.

సెప్టెంబరులో తుఫాను వచ్చింది.
ఎనిమిది రోజులు కరెంటు లేదు,
రోడ్డుకి అడ్డంగా పైన్ చెట్లు, బస్సు షెడ్డులోనే.
కాంక్రీటు ఇళ్ళలో ఉక్కపోత.
ఎఫీ అమ్మమ్మ పెరట్లో చికీ మాత్రం
సైప్రస్ గుంజల మీద నిలబడే ఉంది,
తాటాకు కప్పు ఒక మూల లేచిపోయి,
నిద్రలేచిన మనిషి జుట్టులా.

ఫ్రీజర్లన్నీ కరగడం మొదలెట్టాయి.
జింక మాంసం, మొసలి తోక, చేపలు,
ఎవరో సిగ్గుపడుతూ తెచ్చిన ఆరు పిజ్జాలు,
అన్నీ ఆ ఒక్క కప్పు కిందికే చేరాయి.
అమ్మమ్మ నాలుగు దుంగలు పరిచింది
నాలుగు దిక్కులకీ తోకలు పెట్టి, తలలు మధ్యలో కలిపి.
"కట్టెలు వెయ్యొద్దు. కాలినంత మేర లోపలికి నెట్టండి."
పిల్లలు వంతులేసుకుని నెట్టారు.
తోత్క, తోత్క, అంటూ
నిప్పుకి మా మాట నేర్చుకున్నారు.
కోలిన్ చొక్కా చెయ్యి కాల్చుకుని మరీ నేర్చుకున్నాడు.

ఐదో రోజున చెట్లు నరుక్కుంటూ
కౌంటీ మనిషొచ్చాడు, చేతిలో ట్యాబ్లెట్టు.
"ఇక్కడ ఎన్ని కుటుంబాలమ్మా?"
అమ్మమ్మ వేళ్ళు మడిచింది, తల్లుల వైపు నుంచి లెక్కేస్తూ:
చిరుతవాళ్ళు, పక్షివాళ్ళు, నీటికుక్కవాళ్ళు.
"మూడు."
అతను మూడని కొట్టుకుని వెళ్ళాడు.
మర్నాడు మూడే మూడు పెట్టెల నీళ్ళు దిగాయి.

లీటా తిట్టింది. తిడుతూ తిడుతూ నవ్వింది.
అందరం ఆ పెట్టెల మీదే కూర్చుని
ఒకే గరిటెతో సాఫ్కీ తాగాం,
మొక్కజొన్న గంజి, పొగ వాసన.
అమ్మమ్మకి ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు.
"తప్పేం చెప్పాను?" అంది.
ఏం చెప్పలేదు. తప్పు లేదు కూడా.

తొమ్మిదో రోజు దీపాలొచ్చాయి.
ఒక్కొక్కరూ గిన్నెలు పట్టుకుని
ఎవరి ఏసీ దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు.
రెండు దుంగలు మిగిలాయి, తడిసి, సగం నల్లగా.

సోమవారం బస్సు తీశాను.
నాలుగో వరుస సీటు వెనక
బొగ్గుతో నాలుగు గీతలు,
నాలుగు వైపుల నుంచి వచ్చి ఒక చోట కలిసినవి.
పక్కనే వంకర అక్షరాల్లో: "ఇక్కడ".

సీట్లు శుభ్రంగా ఉంచాలన్నది రూలు.
శుక్రవారం తుడవాలి, అని లాగ్ బుక్కులో రాశాను.
ఏ శుక్రవారమో రాయలేదు.