సగం పలక

కాశింవలి తెచ్చిన సీపీయూ మూత తీశాను.
లోపల వేలిమందం దుమ్ము, సగానికి సగం పలకరాయిదే.
మార్కాపురంలో గాలికి కూడా బరువుంటుంది.
మా నాన్న ఊపిరితిత్తులకు తెలుసు ఆ లెక్క.

"కొత్త డిస్కు వెయ్యి సైదమ్మా.
పాతది పాతసామాన్లోడికి ఇచ్చేస్తా, మూడొందలంటున్నాడు.
డిలీట్ కొట్టేశాలే, అంతా పోయింది."

చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.
టిక్. టిక్. గర్ర్.
కరెంటు పోయినప్పుడు
గోడ తడుముకుంటూ తలుపు వెతుక్కునే చెయ్యి.

పలక నిజాయితీ వేరు.
తడిగుడ్డ ఒక్కసారి తగిలితే
వంకర పోయిన ణ ఎవరికీ తెలియకుండా పోతుంది.
ఇది అట్లా కాదు.
విషయసూచిక పేజీ ఒక్కటి చింపేసి
పుస్తకమే లేదని ఒట్టేస్తుంది.

నమ్మలేదతను. స్టూలు లాక్కుని కూచోమన్నాను.
పావుగంట.
ఒక్కొక్కరే లేచొచ్చారు
తర్లుపాడు వాళ్లు, పెద్దారవీడు వాళ్లు, కొనకనమిట్ల వాళ్లు,
ఆరేళ్లుగా అతని జిరాక్సు షాపు గాజు మీద బోర్లా పడుకున్నవాళ్లు.
ఆధార్లు. బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు.
ఎవరిదో గర్భసంచి ఆపరేషన్ కాగితం.
వేలిముద్ర వేసిన కౌలు పత్రం.
ఎత్తు రెండంగుళాలు పెంచుకున్న పెళ్లికొడుకు బయోడేటా.
కాశింవలి నవ్వబోయి ఆగాడు.
"ఇంతమందినీ కలిపి... మూడొందలకా?"

రేపు డ్రిల్లు పెట్టి చిల్లులు పొడుద్దాం అనుకున్నాం.

రేపు రానే వచ్చింది, వెంట ఏసోబును తెచ్చింది.
"మా నాయనమ్మ పింఛనుకి ఫోటో దిగింది గదా ఈయన షాపులో.
ఇంటికాడ ఇంకోటి లేదక్కా.
సమాధి రాయి మీద పెట్టాలంట."

నాసరమ్మ.
పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు మేకులు కొట్టిన మనిషి.
ఎన్ని లక్షల పలకలకు చట్రం బిగించిందో,
తనకొక చట్రం లేదు.

ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందని ఎవరో చెప్పారట కాశింవలికి.
మజ్జిగ గిన్నె కాదయ్యా అన్నాను.
ఊపిరి ఎగబోస్తున్న మనిషిని
పదిసార్లు లేపి పేరడగొద్దు.
ముందు ఉన్నదున్నట్టు, గీతలతో సహా,
ఇంకో డిస్కు మీదకి దించుకోవాలి.
వెతుకులాట ఏదైనా ఆ దించినదాంట్లోనే.
నాన్న అనేవాడు,
పొర విడిచేటప్పుడు ఉలిని తొందరపెట్టకు,
ఎక్కడ తెరుచుకోవాలో రాయే చెబుతుంది.

రాత్రంతా దిగింది.
రెండుసార్లు కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్యోమంది.
తొంభై ఒకటి దగ్గర ఇక నా వల్ల కాదంది.

తెల్లారేసరికి తెర మీద నాసరమ్మ.
నెరిసిన పాపిట. కనుబొమలు.
నీలం గుడ్డ ముందు కెమెరాకి బెదిరిన కళ్లు.
ముక్కు సగం దాకా.
అక్కణ్నించి కిందంతా ఒకటే బూడిదరంగు,
అచ్చం మా ఊరి పలక.

క్షమించమనడానికి మాట వెతుక్కుంటున్నాను.
ఏసోబు చాలాసేపు చూశాడు.
"పలక అడ్డం పెట్టుకోని తొంగిచూస్తన్నట్టుందక్కా.
కింద నవ్వుతా ఉంటది."
రెండు కాపీలు అడిగాడు.
ఒకటి తనకి, ఒకటి గిద్దలూరులో మేనత్తకి.
ఒక్క ఇంట్లోనే రెండూ ఉంచకూడదని
వాడికి ఎవరు చెప్పారో.

మిగతావాళ్లని కొత్తదాంట్లోకి ఎక్కించనా అని అడిగాను.
కాశింవలి తల అడ్డంగా ఊపాడు.
"పనైపోయిన కాగితం నాదెట్లా అయిద్ది?"
దించిన కాపీ నిండా సున్నాలు రాయించాను
మొదటి గడి నుంచి చివరి గడి దాకా,
బళ్లో కొత్తగా చేరిన పిల్ల
సున్న ఒక్కటే వచ్చి పలకంతా నింపినట్టు.

తర్వాత డ్రిల్లు.
పాత డిస్కు నాలుగు చోట్ల కేక పెట్టింది.
అద్దంలాంటి బిళ్లల్లోంచి వెండిపొడి రాలి
బల్ల మీది రాతిదుమ్ములో కలిసింది.
ఏది ఎవరి పేరో, ఏది మా నాన్న దగ్గో.

తడిగుడ్డ తీసుకున్నాను.