మెట్ట తామర

పట్నంబజారులో మూడంతస్తుల చీరల కొట్టు.
రెండో అంతస్తు నాది, ఫ్యాన్సీ పట్టు.
పొద్దున పదింటికి నిలబడితే
కాళ్లు నావేనని గుర్తొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర.

"ఏదమ్మాయ్, నీ మీద వేసి చూపించు" అంటారు.
వేసుకుంటాను.
అద్దంలో నా నడుం చుట్టూ తామరపూల అంచు తిరుగుతుంది.
బాగుంది, బాగుంది, ఎంత?
ఆ అంచు కింద, లంగా బొందు కట్టే చోట
ఇంకో తామర ఉంది.
దాని ధర ఎవరూ అడగరు.

రెంటికీ ఒకటే పేరు పెట్టిన మహానుభావుడెవరో,
రెండోది ఆయనకి వచ్చే ఉంటుంది.
గుండ్రంగా విచ్చుకుంటుంది, అంచులు ఎర్రగా, నడుమ పాలిపోయి.
చెమటే దాని చెరువు.

మందుల షాపు కుర్రాడు ట్యూబు పేరు గట్టిగా చదివి ఇచ్చాడు,
వెనకున్న నలుగురికీ వినపడేట్టు.
రాసినన్నాళ్లూ మాయం.
ఆపిన వారానికి
తోబుట్టువుల్ని వెంటేసుకొచ్చింది.

నాజ్ సెంటర్ దాటాక, మూతబడ్డ ఫొటో స్టూడియో మెట్ల మీద
గోనెపట్టా పరుచుకుని పానకాలయ్య.
కరక్కాయలు, సుగంధిపాల వేళ్లు, నేలవేము కట్టలు.
నేనింకా నోరు తెరవలేదు.
"నడుం దగ్గరేనా?"
ఎట్లా తెలిసింది తాతా?
"చీరల కొట్టు పిల్లలకి నడుం. హోటలోళ్లకి వేళ్ల సందులు.
ఎవరి ఉద్యోగం వాళ్ల ఒంటి మీదే రాసుంటదమ్మా."

ఇచ్చిన ఆకు పేరు మెట్ట తామరట.
నవ్వాను. తామరకి తామరా?
"ముల్లుని ముల్లుతోనే కదా తీసేది.
నల్లపాడు రైలుకట్ట పక్కన
పసుప్పచ్చ కొవ్వొత్తుల్లాగా పూసుంటది, చూళ్లేదా?"
చూశాను.
పేరు తెలీకుండా చూశాను.

రాత్రి ఇంటివాళ్ల రోట్లో నూరాను,
నిమ్మరసం పిండి, చిటికెడు పసుపేసి.
రోలు కడిగాననే అనుకున్నా.
పొద్దున కోటమ్మగారు అందులో ఏం దంచారో
పూసుకున్న అరనిమిషానికి తెలిసింది.
గొడ్డుకారం!
గుంటూరు గుంటూరే.
అరవకూడదు, ఆవిడకి నిద్ర పలచన.
నోట్లో తువ్వాలు కుక్కుకుని
రెండు బకెట్ల నీళ్లు, ఒక గ్లాసు మజ్జిగ
నడుముకే తాగించాను.
నవ్వో ఏడుపో, కళ్లు మాత్రం కారాయి.

తర్వాత తొమ్మిది రాత్రులు రోలు మూడేసిసార్లు కడిగాను.

"ఏంటే ఆ పచ్చివాసన?" అంది నాగసులోచన,
మడతలు వేస్తూ, నా వైపు వంగి.
చెప్పేశాను.
అటూ ఇటూ చూసి
తన కుచ్చిళ్లు వేలెడు కిందికి దించింది.
అక్కడ మూడు.
మధ్యాహ్నం స్టాకు గదిలో, టిఫిను డబ్బాల చాటున
ఆకు పొట్లం చేతులు మారింది.
ఎవరికెవరిచ్చారో లెక్కపెట్టలేదు.
మా అంతస్తులో ఎనిమిది మందిమి.
కుర్చీ ఒకటే, అది కస్టమరుకి.

"తగ్గిందా?" అడిగాడు పానకాలయ్య.
సగం.
"లంగాలు ఎక్కడ ఆరేస్తావు?"
గదిలో, మంచం వెనక తాడు.
"డాబా లేదా?"
ఉంది. తీగా ఉంది. చీరలు ఆరేసుకోవచ్చు.
లోబట్టలు నలుగురికీ కనపడితే ఏం బాగుంటుందని
కోటమ్మగారి మాట,
మా అమ్మ మాట,
నిజం చెబితే నా మాటా అదే.
ఆయన పొట్లం కట్టడం ఆపేశాడు.
"ఆకుకైతే నాకు ఇరవై ఇవ్వాలి.
ఎండకి ఎవరికిస్తావు?"

ఆదివారం డాబా ఎక్కాను.
కల్లాల్లో మిరపకాయల్ని గలగలలాడించే ఎండ.
గులాబీరంగుది, ముదురాకుపచ్చది,
వెలిసిపోయిన నీలంది, మోకాలి దగ్గర చిరిగింది.
ఎదురింటి కుర్రాడు సెల్లులోంచి తలెత్తి
మళ్లీ దించేసుకున్నాడు.
కింద గిన్నెల చప్పుడు కాసేపు ఆగింది.

క్లిప్పులు ఒకటి తక్కువొచ్చింది.
నాలుగోదాన్ని రెండు చేతులతో పట్టుకుని
ఎండలో నిలబడ్డాను,
అలవాటైన పనేగా,
అది ఆరిందాకా.