అరంగుళం

జీన్స్ ప్యాంటుకు వెనక జేబు కుడితే రూపాయిన్నర.
రాయదుర్గంలో పదకొండేండ్లుగా
అదే నా రూపాయి, అదే నా గడియారం.

టీ అంటే ఎనిమిది జేబులు.
ఉగ్గాని, పైన రెండు బజ్జీలు: ఇరవై.
బళ్లారికి పోయి వస్తే నూరు.
పాప స్కూలు ఫీజు మాత్రం చెప్పను,
అది ఏ జేబులోనూ పట్టదు.

ఈ లెక్క నాకెవురూ నేర్పలేదు.
మిషన్ మీద వంగి వంగి
మెడ కింద ఒక నొప్పి మొలిచింది చూడు,
అదే నేర్పింది.

పోయిన ఉగాదికి కంతుల మీద ఫ్రిడ్జి కొన్నాము.
పద్దెనిమిది వేలు అన్నాడు అంగడాయన.
పన్నెండు వేల జేబులు అనుకున్నా నేను,
పైకి నవ్వినా.
ఇంటికొచ్చిన దినం దానికి పసుపూ కుంకుమా పెట్టి
మా గాదిలింగప్ప పక్కన నిలబడి ఫొటో దిగినాడు,
కొత్తల్లుడి మాదిరి.

రాత్రి నిద్ర పట్టక లేచి తలుపు తీస్తే
తెల్లటి వెలుతురులో
రెండు నీళ్ల సీసాలు,
సగం కోసిన నిమ్మకాయ,
మొన్నటి శెనిక్కాయల చట్ని.
దినానికి మున్నూరు చొప్పున
నా నలబై దినాలు
చల్లగా కూర్చోనుండాయి ఇందులో.
తలుపు మూస్తే దీపం ఆరిపోయింది.

తిప్పేస్వామన్న వచ్చినాడు అప్పుడే.
"బెంగళూరు ఆర్డరు. కట్టలు ఇంటికి తీసకపో,
రాత్రి కుట్టు, జేబుకు పావలా ఎక్కువిస్తా."
తెచ్చుకున్నా.
ఇరవై రాత్రులు.

పక్కన కూర్చొని పాప పాఠం చదివేది.
"విన్నావామ్మా?"
"ఊఁ."
"ఏం విన్నావు చెప్పు?"
చెప్పలేకపోయినా.
నాకు వినబడింది మిషన్ ఒకటే.

నా వెనక మిషన్ మాబున్నిది.
శుక్రవారం మధ్యాన్నం దాని మీద గుడ్డ కప్పి
లేచి పోతుంది, ఎవురేమన్నా.
"పూట కూలి పోతుంది గదే" అన్నా ఒకసారి.
ఆమె నా కట్టలోంచి ఒక జేబు తీసింది,
రెండు చేతులా పట్టి లాగింది.
కుట్టు జారింది.
"తొందర్లో అరంగుళం వదల్లేదక్కా నువ్వు."
గుడ్డ గురించే చెప్పింది.
చెప్పి, చెప్పులేసుకొని పోయింది.

అంచు వదలకుండా కత్తిరిస్తే
చూసేదానికి పొదుపే.
వేసుకున్నోడు కింద కూర్చున్నప్పుడు
తెలుస్తుంది.

కట్టలు వాపసు ఇచ్చేసినా.
"ఏం, దుడ్డు చేదాయనా?" అన్నాడు తిప్పేస్వామన్న.
"చేదు గాదన్నా. ఇంకా ఏడు కంతులుండాయి.
అయినా వద్దు."
ఇంకేదో చెప్పల్లనుకున్నా, మాట దొరకలేదు.

వైరాగ్యమేమీ రాలేదు నాకు.
చీటీ పాడతా. గ్యాసు ధర పెరిగితే తిడతా.
గాజుల అంగడి ముందర ఇంకా కాళ్లు ఆగుతాయి.
కాకపోతే దుడ్డు తీసేముందు వేళ్లు మడుస్తా:
ఇన్ని జేబులు చేస్తుందా ఇది?
చానావాటికి లేదనే వస్తుంది జవాబు.
మల్లెపూలకు మాత్రం
ప్రతిసారీ ఔననే.

నిన్న సాయంత్రం ఆరింటికే మిషన్ ఆపి
మిద్దెక్కినాము, నేనూ పాపా.
కొండ మీద కోటగోడకు ఇంకా కొంచెం ఎండ ఉండాది.
వానపాము పాఠం.
దానికి కండ్లు లేవంట.
వెలుతురు మాత్రం తెలుస్తుందంట, ఒంటికి.

"మళ్లీ చదువు" అన్నా.
"మొన్న చదివినా గదా, వినలేదా?"
"వినలేదు."

పుస్తకం పట్టుకోబోతే
వేళ్లకు జీన్స్ నీలం.
కొంగుకు తుడుచుకున్నా. పోలేదు.
అట్లే పట్టుకున్నా.