పదహారు స్టాపులు

మా ఊళ్లో స్టాపంటే బస్సాగే చోటు.
చిత్తూరు నుంచి బంగారుపాళెం దాకా
పల్లెవెలుగు ఎక్కడెక్కడ ఆగుతుందో వేళ్ల మీద చెప్పగలను.
కెమెరా పట్టాకే తెలిసింది
వెలుగుకు కూడా స్టాపులుంటాయని,
ఒక్కో స్టాపులో సగం మంది దిగిపోతారని.

నా దగ్గరున్న నల్లద్దం పది స్టాపులది.
వెయ్యి మంది ఎక్కితే చివరిదాకా వచ్చేది ఒక్కడు.
జూన్ నెల మిట్టమధ్యాహ్నానికి ఆ ఒక్కడూ ఎక్కువే.
చర్చి వీధి దొరసామి స్టూడియోలో
ఆరు స్టాపులది అరువు తెచ్చాను.
"గీత పడితే కొత్తది కొనియ్యాల" అన్నాడు
ముహూర్తాలు లేని నెలలో గల్లాపెట్టె తుడుచుకుంటూ.

పది మీద ఆరు.
చీకటి కూడికల్లో పెరుగుతుంది
వెలుగు భాగహారాల్లో తరుగుతుంది.
టీకొట్టు రసీదు వెనక లెక్క వేశాను:
సెకనులో రెండొందల యాభయ్యో వంతు
నాలుగు నిమిషాల ఇరవై రెండు సెకన్లయింది.

నాకు కావలసింది ఖాళీ రోడ్డు.
మద్రాసు–బెంగళూరు రోడ్డు, పట్టపగలు, ఒక్క బండీ లేకుండా.
అంతసేపు చూసే కంటికి
కదిలేదేదీ ఆనదు కదా.

గుజ్జు ఫ్యాక్టరీకి ఎదురుగా, కల్వర్టు మీద స్టాండు వేశాను.
ఫోకస్ ముందే పెట్టి టేపు అంటించాను,
అద్దాలు బిగించాక లెన్స్ గుడ్డిది.
వెనక సందులోంచి దొంగవెలుగు దూరకుండా
చేతిరుమాలు కప్పాను.
ఎడమ పక్కన ట్రాక్టర్ల వరస ఉందని చూశాను.
చూశానంతే.

నొక్కాను.
సిమెంటు లారీలు పోయాయి, ఏసీ బస్సు పోయింది,
ముగ్గురెక్కిన మోటారుసైకిలు, మేకల మంద,
బిందె చంకనేసుకుని మజ్జిగమ్మే పిల్ల.
టోకెన్ల గుమాస్తా గేటు దాటి వచ్చి
ఏదో అరిచి లోపలికి పోయాడు.
నేను గడియారం చూస్తూ నిలబడ్డాను.

తెర మీద
రోడ్డు కడిగినట్టుంది.
నాలుగు మూలలా నల్లటి మరక,
అంచు మీద అంచు పెరిగిన పాపం.
ఒకద్దం ఎరుపుకు లాగింది, ఇంకోటి నీలానికి,
మధ్యలో తారు వంకాయ రంగు తేలింది.
లారీలు లేవు. మేకలు లేవు. గుమాస్తా అసలే లేడు.

వరస మాత్రం ఉంది.
గేటు నుంచి మలుపు దాకా ట్రాక్టరు వెనక ట్రాక్టరు,
తోతాపురి కాయల ముక్కులు ముక్కులుగా,
పైవరస కాయల మీద నల్లమచ్చలతో సహా
సూది గుచ్చినంత స్పష్టంగా.
ఒక్క కాయా చెదరలేదు.

తువ్వాలతో ఈగలు తోలుకుంటూ ఒకాయన వచ్చాడు.
చెంగల్రాయులట. టోకెన్ రెండొందల పద్నాలుగు.
"మూడు దినాలుగా మమ్మల్ని ఎవురూ జూడలే నైనా,
నువ్వు నాలుగు నిమిషాలు జూస్తివే.
నేనేడుండా దీంట్లో?"

వెతికాం ఇద్దరం.
ట్రాలీ నీడలో రెండు పాదాలున్నాయి, చెప్పులతో సహా.
వాటి పైన పొగ.
"తువ్వాల తిప్పినావు గదా, పైమనిషి పడలే" అన్నాను.
"కాళ్లు పడ్నాయి, సాలు" అన్నాడు.

అద్దాలు విప్పబోతే
ఎండకు ఒకదాన్నొకటి కరుచుకుని రాలేదు.
ఆయనే లోడు కట్టిన సైకిల్ ట్యూబు ముక్క కోసి
చుట్టూ చుట్టి, ఉప్పు సీసా మూత తిప్పినట్టు తిప్పాడు.
వచ్చాక ఒకటి కంటికి పెట్టుకుని గేటు వైపు చూశాడు.
"దీంట్లో ఫ్యాక్టరీనే లేదే!
బాగుండాది."

అప్పుడే ముందెక్కడో ఇంజను దగ్గింది.
వరస ఒక బండి నిడివి జరిగింది.
చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తాడు చెంగల్రాయులు.
అద్దాల్లేని లెన్స్‌తో
సెకనులో రెండొందల యాభయ్యో వంతులో తీశాను:
ఆయన ఒక కాలు గాల్లో, నోరు తెరిచి,
చక్రాల కింద దుమ్ము లేస్తూ.

ఇంటికొచ్చి చూసుకుంటే
ఆ ఫోటోలోనూ బండి ఆగే ఉంది.